తడినేల పాఠం

వాన పడితే లోకంలో అందరికీ నిద్ర వస్తుంది. వదినకు నిద్రతో పాటు అనుమానాలు కూడా వస్తాయి. ఆ మధ్యాహ్నం పోలీస్ స్టేషన్ వరండాలో, చూరు వెంట ధారలు కారుతుంటే, ఆమె చెక్క బెంచీ మీద గోడకు జారగిలబడి కళ్లు మూసుకుంది. తడి రెయిన్‌కోటు మడిచి ఒళ్లో పెట్టుకుంది. చూసేవాళ్లకు ఎవరో పెద్దావిడ బస్సు కోసం ఎదురు చూస్తూ కునుకు తీస్తోందనిపిస్తుంది.

"వదినా, ఇది పడుకునే చోటు కాదు."

"మీ స్టేషన్లో మేలుకుని ఉన్నవాళ్లెవరో చూపించు మరిదీ. వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను," అంది ఆమె కళ్లు తెరవకుండానే.

కానిస్టేబులు నవ్వాపుకోలేక ఫైలు చాటున దాక్కున్నాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. ఊళ్లో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నది ఆమె ఒక్కతే. ఇతను వదినా, వదినా అని పిలవగా పిలవగా కానిస్టేబుళ్లకూ, పాత దొంగలకూ, చివరికి కోర్టు ముందు టీ అమ్మే ముసలాయనకూ కూడా ఆమె వదినే అయిపోయింది. ఇంట్లో ఆమె చేతి వంట లొట్టలేసుకుంటూ తినే ఈ మరిది, స్టేషన్ గడపలో మాత్రం ఆమెను చూస్తే పంటి కింద రాయి పడ్డట్టు చూస్తాడు.

కేసు పైకి చూస్తే చాలా చిన్నది. నిన్న తెల్లవారగానే, వానలో, బండి నడపడం నేర్పే మాస్టారు మూతబడ్డ మిల్లు మలుపులో జారి పడ్డారు. హెల్మెట్ పగిలింది, తల మిగిలింది. కానీ ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. ఊళ్లో సగం మందికి మోటారు సైకిలు నేర్పిన మనిషి తానే జారి పడటమేమిటని జనం బుగ్గలు నొక్కుకున్నారు. తీరా చూస్తే వెనక టైరు అరిగి నున్నగా ఉంది. మాస్టారి కూతురేమో, ముందు రోజే నాన్న రెండు టైర్లూ కొత్తవి వేయించారని చెప్పింది. అంతే, ఇన్‌స్పెక్టర్ సరాసరి టైర్ల షాపుకు వెళ్లి షాపామెను జీపెక్కించాడు. ముందుది మార్చి, వెనక పాతదే వదిలేసి, రెండూ మార్చానని మోసం చేసిందని అతని లెక్క. సాయంత్రం కోర్టుకు తీసుకెళ్లడానికి కాగితాలు కూడా సిద్ధమయ్యాయి.

ఇందులోకి వదిన రావడానికి కారణం కూడా టైర్లే. ఆమె బండి టైర్లు మార్చమని మాస్టారు ఎన్నాళ్లుగానో పోరుతున్నారు. ఆమె ఇవాళ, రేపు అంటూ నెట్టుకొచ్చింది. ఈ పొద్దున బుద్ధి పుట్టి షాపుకు వెళ్తే తాళం కనిపించింది. అరుగు మీద షాపామె తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నా కూతురు నోటి దురుసు మనిషే కానీ, చేతి దురుసు మనిషి కాదమ్మా," అంది ఆ ముసలావిడ. ఆ ఒక్క మాటకే వదిన కేసు ఒప్పుకుంది.

ఆ నోటి దురుసు ఎంతటిదో లోపలికి వెళ్లగానే తెలిసింది. ఊరంతా టైర్లక్క అని పిలిచే ఆ షాపామె, కటకటాల వెనక నేల మీద కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏం, నువ్వు కూడా దొంగనే అంటావా?"

"అనాలో వద్దో తేల్చుకుందామనే వచ్చాను. ఆ రోజు సాయంత్రం బండి ఎవరు తెచ్చారు?"

"మాస్టారే. ఆయన బండి ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు కదా."

"రెండు చక్రాలూ విప్పావా?"

"విప్పాను, మార్చాను, గాలి కొట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని నా తల తింటూనే ఉన్నాడు. వందసార్లు చెప్పాడు. కొత్త టైరు మీద మెరుపుపూత ఉంటుంది, మొదట్లో కాస్త జారుతుంది, ఎవరికి వేసినా నెమ్మదిగా పొమ్మని చెప్పు అని. నా షాపులో నాకే పాఠం!" అంటూ ఆమె గోడను వదిలి చువ్వల దగ్గరికి వచ్చింది. "అట్లాంటి మనిషికి నేను అరిగిపోయిన టైరు తగిలిస్తానా? తగిలిస్తే ఆయన ఊరుకుంటాడా?"

"పాత టైర్లు ఏం చేశావు?"

"నేనేం చేస్తాను? రెండూ ఆయనే పట్టుకుపోయాడు. తన డ్రైవింగ్ స్కూలు మైదానంలో హద్దులకి సగం సగం పాతిపెడతాడుగా."

వదిన కళ్లు సగం మూసుకున్నాయి. ఇన్‌స్పెక్టర్‌కు ఆ చూపు అంటే ఒళ్లు మంట. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, తన చిన్నప్పుడు కూడా చెరుకు ముక్కలు ఎవరు తిన్నారో ఆమె ఇలాగే కళ్లు మూసుకుని చెప్పేసేది, ప్రతిసారీ అది తనే అయ్యేవాడు.

"మరిదీ, ఆ బండి ఒకసారి చూపించు."

"చూడటానికేముంది? అరిగిన టైరు, వాన, మలుపు. చిన్నపిల్లాడు కూడా లెక్క కట్టేస్తాడు."

"అందుకేగా నీకు అంత తొందరగా తేలిపోయింది."

స్టేషన్ వెనక రేకుల షెడ్డులో బండి నిలబెట్టి ఉంది. పైన రేకుకు చిల్లి. ఆ చిల్లిలోంచి చినుకులు తీరుబడిగా, ఒకదాని తర్వాత ఒకటి, ఒకసారి వెనక చక్రం మీదా, గాలి మళ్లితే ముందు చక్రం మీదా పడుతున్నాయి. రేకుల మీద వాన మోత ఎంత నిండుగా ఉందంటే, ఆ షెడ్డు నీళ్ల అడుగున ఉన్నట్టు అనిపించింది. వదిన బండి పక్కన గొంతుక్కూర్చుంది. ఆమెకు ఒక్కసారిగా మైదానం గుర్తొచ్చింది.

నలభై దాటాక బండి నేర్చుకుంటానని వెళ్లింది ఆమె. అందరూ నవ్వారు, మాస్టారు నవ్వలేదు. చివరి రోజు ఆయన నీళ్ల పైపు పట్టుకుని, ఎండలో పొడిగా ఉన్న నేలంతా తడిపారు. ఆ తడిలో ఆకాశం కనిపించింది. "ఇది తడినేల పాఠం అక్కా," అన్నారు ఆయన. "దీనికంటే ముందుగా టైర్లు చూసుకోవడం నేర్పుతా. గాడుల మధ్యలో ఈ చిన్న దిమ్మలు కనిపిస్తున్నాయా? టైరు అరిగి వీటితో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే. గాడి ఉంటేనే నీళ్లు పక్కకి పోతాయి. లేకపోతే బండి నేల మీద కాదు, నీళ్ల మీద పోతుంది. వానలో నడపడమంటే నిద్రపోయే పసిపిల్లని ఎత్తుకుని నడవడమే. ఏదీ గబుక్కున చెయ్యకూడదు. బ్రేకైనా, మలుపైనా, యాక్సిలరేటరైనా." ఆమె ఆ తడి ఆకాశం మీద మెల్లగా బండి నడిపింది. అంత హాయి ఆమె మళ్లీ ఎప్పుడూ ఎరగదు.

"వదినా! నిద్రపోయారా?"

"లేదు. వెనక టైరు చూడు. దిమ్మలతో సమానంగా అరిగింది, నువ్వన్నది నిజమే. మరి ఈ అంచు మీద తెల్లగా ఏమిటిది?"

ఇన్‌స్పెక్టర్ వంగి గోటితో గీకాడు. "సున్నం."

"ఎక్కడి సున్నం?"

"ఎక్కడిదైతే ఏం? రోడ్డు మీద గీతలుంటాయి."

"రోడ్డు మీద గీసేది రంగు, ఇట్లా గోటికి రాలదు. ఇది స్కూలు మైదానంలో పాఠానికి గీసే సున్నం. నేర్చుకునేవాళ్లకు ఇచ్చే బండి రోజూ దాని మీద తిరుగుతుంది. మాస్టారి సొంత బండి ఏనాడూ మైదానంలోకి దిగదు. ఇప్పుడు చైను దగ్గరికి రా. రెండు వైపులా బిగించే చోట గుర్తులుంటాయి, అవి సమానంగా ఉండాలి. ఇటు ఒక గీత ముందుకుంది, అటు వెనక్కుంది. చక్రం వంకరగా కూర్చుంది. నట్టు మీద పానా పట్టిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి."

"షాపామె సరిగ్గా బిగించలేదన్నమాట."

"ఎదురుగా మాస్టారు కూర్చుని తల తింటుంటేనా?"

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ నట్టునే మళ్లీ చూశాడు. వదిన మాత్రం అప్పటికే ముందు చక్రం దగ్గర ఉంది. అది నిజంగానే కొత్తది. కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. పైనుంచి ఒక చినుకు పడింది. వెనక టైరు మీద పడ్డ చినుకు చప్పున పరుచుకుపోయింది. ముందు టైరు మీద పడ్డది మాత్రం గుండ్రంగా, తామరాకు మీది బొట్టులా నిలబడి, వణికి, దొర్లి కిందికి జారింది. ఇంకో చినుకు పడింది, అదీ అంతే. వదిన చాలాసేపు ఆ బొట్ల వంకే చూస్తూ ఉండిపోయింది. అవి ఎంత అందంగా ఉన్నాయో, ఆమెకు అంత భయం వేసింది.

ఆమె రుమాలు చుట్టిన వేలు గాడిలో పెట్టి తుడిచింది. రుమాలు నల్లగా, జిడ్డుగా అయింది. వాసన చూసింది. తియ్యటి నూనె వాసన.

"టైర్ పాలిష్," అంది మెల్లగా. "షోరూముల్లో టైర్లు నల్లగా నిగనిగలాడటానికి పూస్తారే, అది. పక్కలకి పూసుకుంటే అలంకారం. నేలకు ఆనే చోట పూస్తే ఉసురు తీస్తుంది. ఎవరో పైపైన తుడిచేశారు కానీ గాడుల్లో మిగిలిపోయింది."

"అయితే హత్యాప్రయత్నం!" ఇన్‌స్పెక్టర్ కళ్లు మెరిశాయి. "టైర్లక్కే పూసి..."

"ఒక్క నిమిషం ఆ లాఠీ కింద పెట్టి ఆలోచించు మరిదీ. పూసినవాళ్లు వేరు, చక్రం మార్చినవాళ్లు వేరు. చంపాలని పూసినవాడు తర్వాత తుడవడానికి ఎందుకొస్తాడు? పడిపోయాక ఈ బండి నీ చేతికి వచ్చేదాకా ఎక్కడుంది?"

"స్కూలు షెడ్డులో. మాస్టారి తమ్ముడు ట్రాలీ ఆటోలో వేయించుకుని తీసుకెళ్లాడు. నేను మధ్యాహ్నం వెళ్లి..." అని ఇన్‌స్పెక్టర్ మధ్యలోనే ఆగిపోయాడు.

"జీపు తియ్యి. నేను నా బండి మీద వస్తాను."

"ఈ వానలోనా? ఆ టైర్లతోనా?"

"తిట్టడానికి మాస్టారు లేరని ఆ పని నువ్వు మొదలుపెట్టావా?" అని వదిన రెయిన్‌కోటు తొడుక్కుంది.

స్కూలంటే పెద్ద భవనమేమీ కాదు. ఒక మైదానం, అంచున రెండు గదులు, పక్కన షెడ్డు. మైదానం వానలో మసక మసకగా, ఎవరో సగం చెరిపేసిన బొమ్మలా ఉంది. సున్నం గీతలు కరిగి పాలలా పారుతున్నాయి. హద్దుల పక్కన, పాతడానికి తీసిన గుంటల దగ్గర, రెండు టైర్లు ఆనించి ఉన్నాయి. రెండూ అరిగినవే.

"మాస్టారు షాపు నుంచి తెచ్చుకున్నవి ఇవే," అంది వదిన. "ముందుదొకటి, వెనకదొకటి. వెనక పాతది ఇక్కడుంటే నీ షెడ్డులో ఉన్న పాతది ఎవరిది?"

ఇన్‌స్పెక్టర్ ఈసారి ఆ రెండు టైర్లనూ తిప్పి తిప్పి చూశాడు.

మాస్టారి తమ్ముడు వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అన్నయ్య పక్కన నిలబడి పాఠాలు చెప్పే మనిషి, అన్నయ్య మాట జవదాటని మనిషి. రెండు రోజులకే గడ్డం మాసి సగమైపోయాడు. వదినను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండక్కా. ఆస్పత్రి నుంచి ఏమైనా తెలిసిందా?"

"నేను అడగడానికి వచ్చాను, చెప్పడానికి కాదు. కూర్చో. అమ్మాయి ఏది?"

"లోపల, వాళ్ల నాన్న బట్టలు సర్దుతోంది."

"పాఠాలకు వాడే నీ బండి, అన్నయ్య బండి ఒకే రకం కదూ?"

"ఆ... ఒకే రకమే. ఆయనది కొత్తది."

"ముందు చక్రం?"

"ఆయనదానికి డిస్కు బ్రేకు, నాది పాత పద్ధతిది."

"కాబట్టి ముందు చక్రం మార్చడానికి కుదరక పైపైన తుడిచావు. వెనకది కుదిరింది."

వాన ఒక్కసారి ఉధృతమైంది. వరండా చూరు చుట్టూ నీటి తెర దిగినట్టయింది. ఆ హోరులో ఎక్కడో దూరంగా ఒక మోటారు సైకిలు స్టార్టయి, తడబడి, మళ్లీ అందుకుని, మెల్లగా వెళ్లిపోయిన చప్పుడు వదిన చెవిన పడింది. ఆమెకు అది తడి ఆకాశం మీద తాను నడిపిన బండి చప్పుడులా వినిపించింది. కలలోంచి వచ్చిన చప్పుడనుకుని ఊరుకుంది. ఆ పొరపాటుకు తర్వాత ఎన్ని రోజులు తనను తాను తిట్టుకుందో ఆమెకే తెలుసు.

"టైర్లకు పాలిష్ ఎవరు పూశారు?" అని అడిగింది.

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"గట్టిగా అనకండక్కా. లోపల వింటుంది."

"అమ్మాయేనా?"

అతను తలూపాడు. "నిన్న పొద్దున స్కూలు కొత్త బోర్డుకి ఫోటో తీయించుకోవాల్సి ఉంది. అన్నయ్య బండి మీద కూర్చుని. నాన్నకి చెప్పకుండా బండంతా మెరిపిద్దామని రాత్రి కూర్చుని తుడిచిందట. టైర్లు కూడా, చుట్టూ, గాడి గాడికీ. తెల్లారేసరికి వాన. వానలో ప్రతి టైరూ మెరుస్తుంది కదక్కా, అన్నయ్య గమనించలేదు. ట్రాలీలోంచి దింపుతుంటే నా చేతికి జిడ్డంటింది. వాసన చూశాను. షెడ్డు గూట్లో ఖాళీ సీసా ఉంది. నాకు కాళ్ల కింద నేల జారిపోయింది."

"ఇంతమందికి నేర్పిన ఇంట్లో ఆ పిల్లకి ఆ మాత్రం తెలియదా?" ఇన్‌స్పెక్టర్ ఆశ్చర్యపోయాడు.

"అన్నయ్య దాన్ని బండి ముట్టుకోనివ్వలేదు సార్. ఊరందరికీ నేర్పాడు, కన్నకూతురంటే మాత్రం భయం. అది నా ప్రాణం తీస్తుంటే ఈమధ్యే నేను దొంగతనంగా మొదలుపెట్టాను. క్లచ్చు, గేర్లు, బ్రేకు వరకూ వచ్చింది. టైర్ల సంగతి, తడినేల పాఠం మా దగ్గర చివరి రోజే కదా. అక్కడిదాకా రాలేదు."

"అందుకని చక్రం మార్చావు."

"అరిగిన టైరుకి జారిపడ్డాడంటారు, ఆయన అజాగ్రత్త అంటారు, అయిపోతుంది అనుకున్నాను. ఆ పిచ్చిపిల్ల పోలీసులకి టైర్లు కొత్తవని నిజం చెప్పేస్తుందని నాకేం తెలుసు? టైర్లక్కని తీసుకెళ్లారని తెలిసినప్పట్నించీ ముద్ద దిగట్లేదు. చెబితే దీని గుండె ఆగిపోతుంది, చెప్పకపోతే ఆమె జైలుకి పోతుంది." అతను వదిన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నన్ను తీసుకెళ్లండక్కా. నేనే పూశానని రాసుకోండి. దానికి మాత్రం చెప్పకండి. తన చేత్తోనే నాన్నని పడగొట్టానని తెలిస్తే అది బతకదు."

వదినకు ఇతని మీద కోపం రావాలి, రావడం లేదు. కటకటాల వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ టైర్లక్క మొహం, అరుగు మీది ముసలావిడ మొహం ఆమె కళ్లకు కడుతున్నాయి. ఒక అబద్ధంతో ఒక పిల్లను కాపాడితే ఇంకో మనిషి మునిగిపోతుంది. ఇందులో అందరికీ మంచి జరిగే దారి ఆమెకు కనిపించలేదు.

"మరి అన్నయ్య బండి చక్రం ఎక్కడుంది?" అడిగింది.

"నా బండికి. షెడ్డులో పట్టా కింద. వాన తగ్గాక టైరు తీసి పారేద్దామనుకున్నా."

"కడిగావా?"

"బిగించాక మళ్లీ దాన్ని ముట్టుకోవడానికే చేతులు రాలేదక్కా."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే షెడ్డు వైపు నడిచాడు. సాక్ష్యం చేతికి దొరుకుతోందన్న ఉత్సాహం అతని నడకలో తెలుస్తూనే ఉంది. రెండు క్షణాల్లో అతని గొంతు వానను చీల్చుకుని వచ్చింది.

"వదినా! ఇక్కడ పట్టా ఒక్కటే ఉంది!"

మాస్టారి తమ్ముడు లోపలికి పరుగెత్తాడు. గదిలో సగం సర్దిన సంచి ఉంది, వెనక తలుపు తీసి ఉంది, పిల్ల లేదు. బల్ల మీద ఫోను రిసీవరు కూడా సరిగ్గా పెట్టలేదు. వదిన ఆఖరుగా వచ్చిన నంబరుకు తిరిగి కలిపింది. ఆస్పత్రి నర్సు ఎత్తింది. మాస్టారు కళ్లు తెరిచారట, కూతుర్ని అడుగుతున్నారట, ఇప్పుడే కదా అమ్మాయికి చెప్పాం అంది.

ఆ కబురు వింటే ఎగిరి గంతెయ్యాల్సిన తమ్ముడు గుమ్మం పట్టుకుని కూలబడిపోయాడు. ఆస్పత్రికి దారి ఒకటే. మిల్లు మలుపు మీదుగా.

"జీపు తీస్తున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నా వెనకాల రా. నన్ను దాటి ముందుకు రావద్దు. సైరన్ మీద చెయ్యి వేశావంటే ఆ చెయ్యి విరగ్గొడతాను."

"సైరన్ లేకపోతే ఎలా ఆపుతాం వదినా?"

"సైరన్ వింటే ఉలిక్కిపడి బ్రేకు నొక్కేస్తుంది. ఆ టైరు మీద ఒక్కసారి గట్టిగా బ్రేకు పడితే చాలు. వెనకనుంచి వచ్చే లారీలని ఆపు, నీ పని అదే."

జీవితంలో మొదటిసారి మరిది ఎదురు చెప్పకుండా "సరే" అన్నాడు.

వదినకు గుండె పరుగెత్తమంటోంది, చేతులు వద్దంటున్నాయి. అరిగిపోయిన తన టైర్లు నీళ్లను పక్కకు నెట్టలేవని ఆమెకు తెలుసు. ముందు వెళ్లిన లారీ చక్రాలు నీటిని చిమ్మేసిన జాడల్లోనే బండిని పోనిచ్చింది. రోడ్డు మీది తెల్లరంగు గీతలను, ఇనుప మూతలను, రాలిన ఆకుల గుట్టలను ముందే చూసి తప్పించింది. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, భుజాలు వదులు చేసి, కళ్లు దూరంగా నిలిపింది. చుట్టూ గోడలూ, దుకాణాలూ, గొడుగులూ కరిగిపోయి ఒకే బూడిద రంగు ప్రవాహంలా వెనక్కు పోతున్నాయి. పసిపిల్ల, పసిపిల్ల నిద్రపోతోంది అని తనకు తానే చెప్పుకుంది. తొందరపడితే చేరలేదు, ఆలస్యం చేస్తే అందుకోలేదు. ఇలాంటి వెంటాడటం ఏ డిటెక్టివ్ కలలో కూడా ఎరగడు.

మిల్లు పొగగొట్టం కనబడే చోట, వాన తెర వెనక, ఒక పచ్చ దుపట్టా కనిపించింది.

పిల్ల మెల్లగానే వెళ్తోంది. భయంతో భుజాలు బిగుసుకుపోయాయి, రెండు వేళ్లు బ్రేకు మీదే ఉన్నాయి. వెనక చక్రం కింద నీళ్లు చిన్న చిన్న గోళీల్లా చిమ్ముతున్నాయి. ముందు మలుపు దగ్గర పడుతోంది. అక్కడ నేల ఒక పక్కకు వాలి ఉంటుంది, ఆకులు పేరుకుని ఉంటాయి.

వదిన హారన్ కొట్టలేదు, కేక వెయ్యలేదు. మెల్లగా కుడి పక్కకు చేరి, అద్దంలో తన ఆకారం కనబడేదాకా ఆగి, అప్పుడు పక్కకు వచ్చింది. పసిపిల్లను నిద్రపుచ్చే గొంతుతో మాట్లాడింది.

"అమ్మడూ, నేనే. నా వైపు చూడకు, రోడ్డు చూడు."

"అత్తా! నాన్న కళ్లు తెరిచారు!"

"తెలుసు తల్లీ, తెలుసు. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. బ్రేకు మీద వేళ్లు తియ్యి. తీశావా? యాక్సిలరేటర్ కొంచెం కొంచెంగా వదులు. క్లచ్చు ముట్టుకోకు. బండి దానంతటదే తగ్గుతుంది. మలుపు వైపు చూడకు, ఆ స్తంభం దాకా తిన్నగా పోనీ."

ఒక చోట వెనక చక్రం పక్కకు జారింది. చాలా కొంచెమే, పాము కదిలినట్టు. పిల్ల కెవ్వుమంది. వదిన ప్రాణం గొంతులోకొచ్చింది, గొంతు మాత్రం మారలేదు. "ఏం కాదు, ఏం కాదు. అదే సర్దుకుంటుంది. గట్టిగా పట్టుకోకు. వదులుగా, వదులుగా." చక్రం సర్దుకుంది. మలుపుకు ఇవతలే, స్తంభం పక్క కంకర మీద, బండి అలసిపోయినట్టు ఆగింది. పిల్ల రెండు కాళ్లూ కింద పెట్టేదాకా వదిన ఊపిరి తీసుకోలేదు.

వెనక జీపు అడ్డంగా నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ వానలో తడుస్తూ, రెండు చేతులూ చాపి లారీలను ఆపుతున్నాడు.

"ఎందుకాపారత్తా? నాన్న ఎదురు చూస్తున్నారు!"

వదిన దగ్గర అబద్ధం సిద్ధంగానే ఉంది. గొలుసు వదులైందనో, గాలి తగ్గిందనో చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా. అంతలోనే పిల్ల, ఎందుకు జారిందా అని చక్రం దగ్గర వంగింది. టైరు మీద వాన బొట్లు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. పిల్ల వాటిని వేలితో తాకింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నేను పూసిందే," అంది. "కానీ నేను పూసింది నాన్న బండికి కదా."

పిల్ల చక్రాన్ని చూసింది, తర్వాత మలుపును చూసింది. మళ్లీ తన చేతిని చూసుకుంది. ఆ చేతిని వానలో చాపి, రెండో చేత్తో రుద్దడం మొదలుపెట్టింది. జిడ్డు పోవడం లేదు. వదిన ఆ రెండు చేతులనూ పట్టుకుని ఆపి, పిల్లను రెయిన్‌కోటు లోపలికి లాక్కుంది. ఆ పిల్ల ఎంత గట్టిగా ఏడ్చిందంటే, పైన వానకు కూడా ఆ ఏడుపు అణగలేదు.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి, ఏం చెయ్యాలో తోచక టోపీ తీసి నిలబడ్డాడు. పిల్ల మొహం తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"సార్, ఆ టైర్లక్కని వదిలేయండి. ఆమె కొత్తవే వేసింది. పూసింది నేను. బాబాయిని ఏమీ అనకండి. నాన్నకి కూడా నేనే చెప్తాను, ఎవరూ చెప్పకండి."

ఇన్‌స్పెక్టర్ జీపు దగ్గరికి వెళ్లి స్టేషన్‌కు వైర్‌లెస్ కలిపాడు. "షాపామెని బయటికి పంపు. ఆ, ఇప్పుడే. వాళ్లమ్మ అరుగు మీద ఉంటుంది, ఇంటిదాకా దింపి రా," అని చెబుతుంటే అతని గొంతు వదినకు స్పష్టంగా వినిపించింది.

రెండు బండ్లనూ కంకర మీదే వదిలేసి వాళ్లు జీపు వైపు నడిచారు. రెండడుగులు వేసి పిల్ల ఆగింది.

"అత్తా, ఆ తడినేల పాఠం... ఇంత జరిగాక నాన్న నాకు చెప్తారా?"

"చెప్పకపోతే ఆ ఆస్పత్రి మంచం దగ్గరే ఆయనతో నేను పోట్లాడతాను," అంది వదిన. "ముందు ఆయనకి చెప్పాల్సింది నువ్వు చెప్పు. పద, చెయ్యి పట్టుకో. మెల్లగా నడు, నేలంతా తడిగా ఉంది."